కార్నర్‌బ్యాక్ మీద ఓ కన్నేసి: కాలేజీ ఫుట్‌బాల్ పాసింగ్ ఆటను విశ్లేషించడం ఎలా?

పిల్లలు అమెరికా కాలేజీలో చేరాక చాలా తెలుగు ఇళ్లలో శనివారాల రూపే మారిపోతుంది. సెప్టెంబరు వచ్చిందంటే మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నా టీవీలో ఆటే, రాత్రి భోజనానికి కూర్చున్నా ఆటే. మొదటి ఏడాది స్కోరు చూస్తాం. రెండో ఏడాది పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ పేరు నోటికొస్తుంది. మూడో ఏడాదికల్లా "మనవాళ్ల పాసింగ్ బాలేదు", "ఆ కార్నర్ దండగ" అని తీర్పులివ్వడం మొదలుపెడతాం. (కార్నర్ అంటే కార్నర్‌బ్యాక్, పాస్ పట్టుకోబోయే ఎదుటి రిసీవర్‌ను మైదానం అంచున కాచేవాడు.) ఎందుకు బాలేదో చెప్పమంటే నీళ్లు నమలడమే. నేనూ కొన్నేళ్లు బాగానే నమిలాను.

ఆ తీర్పుకు ఆధారం ఎలా సంపాదించాలో ఇక్కడ చెబుతాను. నోటుపుస్తకం, పెన్ను, రికార్డు చేసి పెట్టుకున్న ఒక ఆట ఉంటే చాలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు వెళ్లాలన్న మూల సూత్రం మీకు తెలుసనే అనుకుంటున్నాను. యార్డంటే మన గజమే కాబట్టి గజాలనే రాస్తాను. ఉదాహరణకు లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే ఎల్‌ఎస్‌యూ, 2019 జట్టును తీసుకుందాం. ఆడిన 15 ఆటలూ గెలిచి జాతీయ విజేతగా నిలిచిన జట్టు అది. పాసింగ్‌లో నేర్చుకోవాల్సినవీ, కార్నర్ ఆటలో నేర్చుకోవాల్సినవీ ఆ ఒక్క సీజన్‌లోనే దండిగా దొరుకుతాయి.

1. ముందు భాగహారాలు

ఆట చూడకముందే క్వార్టర్‌బ్యాక్ సీజన్ లెక్కల్లోంచి ఐదు అంకెలు రాసుకోండి: విసిరిన పాస్‌లు, అందినవి, గజాలు, టచ్‌డౌన్లు (బంతి చివరి గీత దాటి పాయింట్లు తెచ్చినవి), ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పట్టేసిన పాస్‌లు). పక్కనే అతని ముందటేడు అంకెలూ రాయండి. ఒక్క ఏడాది అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు.

ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జో బరో 2018లో 379 పాస్‌లు విసిరితే 219 అందాయి. 2,894 గజాలు, 16 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు. 2019లో 527 విసిరితే 402 అందాయి. 5,671 గజాలు, 60 టచ్‌డౌన్లు, 6 ఇంటర్‌సెప్షన్లు. ఇప్పుడు మూడు భాగహారాలు చేయండి. అందిన శాతం 57.8 నుంచి 76.3కి ఎగబాకింది. విసిరిన పాస్‌కు గజాలు 7.6 నుంచి 10.8కి పెరిగాయి. అందిన పాస్‌కు గజాలు మాత్రం 13.2 నుంచి 14.1కే పెరిగాయి.

ఈ మూడో అంకె దగ్గర కాసేపు ఆగండి. ఆ ఏడాది ఎల్‌ఎస్‌యూ అంటే అందరికీ గుర్తుండేది పొడవాటి పాస్‌లే. కానీ అందిన ఒక్కో పాస్ సగటు పెరిగింది గజం లోపే. పెరిగిందల్లా అందడం. వెయ్యి గజాలకు పైగా పరిగెత్తిన రన్నింగ్ బ్యాక్ క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలైర్ 55 పాస్‌లు కూడా పట్టుకున్నాడంటే సంగతి అర్థమవుతుంది. హెడ్ కోచ్ ఎడ్ ఓర్జెరాన్ ఆ ఏడాది ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ అనే కుర్ర కోచ్‌ను పాసింగ్ ఆట కోసం తెచ్చుకున్నాడు. రిసీవర్లను మైదానమంతా పరిచేశారు. దూరంగా ఎవరూ ఖాళీగా లేకపోతే దగ్గర్లో ఒకడు ఖాళీగా ఉండేవాడు. ఒక్క భాగహారం మీకు ఇంత కథ చెప్పింది, ఇంకా టీవీ పెట్టనేలేదు.

కాలేజీ ఆటకు ప్రత్యేకంగా పాసింగ్ ఎఫిషియెన్సీ అనే అంకె ఉంది. గజాలను 8.4తో, టచ్‌డౌన్లను 330తో, అందిన పాస్‌లను 100తో హెచ్చించి మూడూ కలపాలి. ఇంటర్‌సెప్షన్లను 200తో హెచ్చించి అందులోంచి తీసేయాలి. వచ్చినదాన్ని విసిరిన పాస్‌లతో భాగించాలి. బరోకు 2018లో 133.2, 2019లో 202.0 వస్తుంది. మీరే వేసి చూసుకోండి. ఎన్‌ఎఫ్‌ఎల్ రేటింగు సూత్రం వేరు, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ఇక్కడో గుంట ఉంది, కొత్తవాళ్లందరూ పడతారు. కాలేజీ లెక్కల్లో సాక్ అయినప్పుడు, అంటే పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినప్పుడు, పోయిన గజాలను పరుగు ఖాతాలోంచి తీసేస్తారు, పాసింగ్ ఖాతా మీద గీత కూడా పడదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇది తిరగబడుతుంది. దానివల్ల క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడుకోలేని కాలేజీ జట్టుకు పరుగు ఆట ఉన్నదానికన్నా అధ్వాన్నంగా, పాసింగ్ ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది. మాటవరసకు 30 పాస్‌లకు 240 గజాలు వచ్చాయనుకోండి, పాస్‌కు 8 గజాలు, భేష్. అదే ఆటలో 5 సాక్‌లై 35 గజాలు పోయి ఉంటే, అసలు లెక్క 35 ప్రయత్నాలకు 205 గజాలు. ఆరు కూడా రాలేదు. సాక్‌లు కలపనిదే ఏ జట్టు పాసింగ్ గురించీ మాట్లాడకండి.

2. చప్పిడి ఆటలు పక్కన పెట్టండి

కాలేజీ షెడ్యూలులో సత్తా తేడా విపరీతంగా ఉంటుంది. 2019లో ఎల్‌ఎస్‌యూ జార్జియా సదరన్‌ను 55–3తో, నార్త్‌వెస్టర్న్ స్టేట్‌ను 65–14తో చితక్కొట్టింది. ఆ అంకెలు చూసి ఏమీ నేర్చుకోలేం. గట్టి జట్లతో ఆడిన నాలుగైదు ఆటలు విడిగా తీసి మళ్లీ అవే భాగహారాలు చేయండి. ఆడిన ఆటల్లోనూ 30 పాయింట్ల ఆధిక్యం వచ్చాక వేసిన పాస్‌లను వదిలేయండి.

జట్టు తడబడ్డ ఆట ఒకటుంటే దాన్ని మాత్రం తప్పకుండా చూడండి. ఆ సీజన్‌లో ఎల్‌ఎస్‌యూ అతి తక్కువ పాయింట్లు చేసింది ఆబర్న్ మీద, 23–20. ఆబర్న్ చాలాసార్లు ముందుకు ముగ్గురినే పంపి, మిగతా ఎనిమిది మందిని వెనక కాపలా పెట్టింది. మీరు చూస్తున్న జట్టుకు ఎనిమిది మంది వెనక నిలబడితే ఏం చేయాలో తెలుసా లేదా అన్నది అలాంటి ఆటలోనే బయటపడుతుంది.

3. మైదానం కొలతలు గుర్తుంచుకోండి

ఇది విసుగ్గా అనిపించినా దాటేయకండి. కార్నర్ గురించి మాట్లాడేవాళ్లలో సగం మంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

మైదానం వెడల్పు 160 అడుగులు. మధ్యలో పొట్టి గీతల వరసలు రెండు ఉంటాయి, వాటిని హాష్ అంటారు. కాలేజీలో ఆ రెండు వరసల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. అంటే కాలేజీలో బంతి ఎడమ హాష్ మీద ఉంటే ఎడమ వైపు 60 అడుగుల జాగా, కుడి వైపు 100 అడుగుల జాగా. ఇరుకు వైపును బౌండరీ అనీ, విశాలమైన వైపును ఫీల్డ్ అనీ పిలుస్తారు.

కొన్ని జట్లు ఒక కార్నర్‌ను ఎప్పుడూ ఎడమనే, ఇంకొకణ్ని ఎప్పుడూ కుడినే నిలబెడతాయి. కొన్ని జట్లు ఒకణ్ని ఎప్పుడూ బౌండరీకి, ఇంకొకణ్ని ఎప్పుడూ ఫీల్డ్‌కు పంపుతాయి. మొదటి పది స్నాప్‌లలో (బంతి వెనక్కి అందించి ఆట కదిలించే ప్రతిసారీ ఒక స్నాప్) మీరు తేల్చాల్సింది ఇదే. బౌండరీ కార్నర్‌కు పక్క గీత తోడు, కానీ క్వార్టర్‌బ్యాక్‌కు అతను దగ్గర. బంతి క్షణంలో వచ్చి పడుతుంది, పరుగు ఆటలోనూ అతనే ముందుకొచ్చి పట్టాలి. ఫీల్డ్ కార్నర్ కాయాల్సిన జాగా ఎక్కువ, కానీ అటు విసిరిన బంతి గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, చేరుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఇద్దరినీ ఒకే తూకం వేస్తే ఇద్దరికీ అన్యాయమే.

పాసింగ్ వైపు నుంచి చూసినా అంతే. ఎడమ హాష్ నుంచి కుడి పక్క గీత దగ్గరికి వేసే పన్నెండు గజాల అవుట్ రూట్ (రిసీవర్ ముందుకెళ్లి పక్క గీత వైపు తిరిగే దారి) పాస్, లెక్కల్లో పన్నెండు గజాలే. క్వార్టర్‌బ్యాక్ చేతికి మాత్రం అది ఎంతో పొడవైన విసురు. మీ జట్టు దాన్ని ధైర్యంగా వేస్తోందా, లేక ఎప్పుడూ ఇరుకు వైపే వేస్తోందా అన్నది రాసుకోండి.

4. పట్టిక గీయండి

రికార్డింగు పెట్టి ప్రతి పాస్‌కూ ఒక వరస రాయండి. ఎన్నో ప్రయత్నం, ఎన్ని గజాలు కావాలి. బంతి ఏ హాష్ మీద. రిసీవర్లు ఎటు ఎందరు. అందరికన్నా వెనక కాచే సేఫ్టీలు ఒకరా ఇద్దరా. క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎందరు దూకారు. బంతి గాల్లో ఎన్ని గజాలు వెళ్లింది, పట్టుకున్నాక ఎన్ని గజాలు పరుగు. చివర్లో పాసా ఫెయిలా.

ఈ పాస్-ఫెయిల్‌కు వాడుకలో ఉన్న కొలబద్ద ఒకటుంది. మొదటి ప్రయత్నంలో కావాల్సిన గజాల్లో సగం, రెండో ప్రయత్నంలో 70 శాతం, మూడు, నాలుగు ప్రయత్నాల్లో మొత్తం వస్తేనే పాస్. మూడో ప్రయత్నంలో 9 గజాలు కావాల్సినప్పుడు 7 గజాల పాస్ అందితే గణాంకాల్లో అది అందిన పాస్, మీ పుస్తకంలో ఫెయిల్. మంచి శాతం ఉండీ ఓడిపోయే జట్ల గుట్టు ఈ గడిలో తెలిసిపోతుంది.

ఒక వరస నమూనాగా చూద్దాం. 2019 సెప్టెంబరు 7, ఆస్టిన్‌లో టెక్సస్‌తో ఆట. ఎల్‌ఎస్‌యూ 37–31తో ముందుంది, ఆట ముగియడానికి మూడు నిమిషాలు కూడా లేదు. మూడో ప్రయత్నం, కావాల్సింది 17 గజాలు. ఇలాంటప్పుడు చాలా జట్లు పరుగుతో గడియారం నడిపించి బంతిని తన్నేస్తాయి. టెక్సస్ బ్లిట్జ్ పంపింది, అంటే మామూలుకన్నా ఎక్కువ మందిని క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎగదోసింది. బరో మీద పడుతున్నవాళ్ల నుంచి పక్కకు జరిగి జస్టిన్ జెఫర్సన్‌కు విసిరాడు. 61 గజాల టచ్‌డౌన్. పట్టికలో "61 గజాలు" అని ఊరుకుంటే ఏమీ రాయనట్టే. మూడో ప్రయత్నం, 17 కావాలి, బ్లిట్జ్, క్వార్టర్‌బ్యాక్ జరిగాడు, పట్టుకున్నాక పరుగు ఉంది అని రాస్తే, ఒత్తిడిలో ఈ జట్టు ఏం చేస్తుందో మీ చేతిలో ఉంటుంది. బ్లిట్జ్ వేస్తే వెనక కాపలా మనుషులు తగ్గుతారు, ఒక్క పాస్ అందితే చాలు. ఆ తర్వాత ఎల్‌ఎస్‌యూ మీదికి మనుషుల్ని ఎగదోసే జట్లు ఈ వరసను తలుచుకోక తప్పదు.

మొదటిసారి ఒక ఆటకు నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇంట్లోవాళ్లు నా ఆరోగ్యం గురించి వాకబు చేశారు.

5. ఇప్పుడు కార్నర్

అసలు చిక్కంతా ఇక్కడుంది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. స్నాప్ పడిన క్షణంలోనే కార్నర్ తెరలోంచి బయటికి పోతాడు. మళ్లీ కనిపించేది బంతి అతని వైపు వచ్చినప్పుడే, అంటే చాలాసార్లు దెబ్బతిన్నప్పుడే. మంచి కార్నర్ ఆటంతా కనిపించకుండానే గడిపేయొచ్చు. అందుకే ప్రతి స్నాప్‌కు ముందు ఒక్క క్షణం ఆపి చూడండి. ఆ నిశ్చల చిత్రంలో మూడు సంగతులు దొరుకుతాయి.

దూరం: రిసీవర్ ముక్కు మీద ముక్కు పెట్టి నిలబడితే ప్రెస్, ఏడెనిమిది గజాలు వెనక నిలబడితే ఆఫ్. పక్క: రిసీవర్‌కు లోపలి వైపు ఉన్నాడా, బయటి వైపా. లోపల నిలబడితే మధ్యలోకి దారి మూసి, బయటి దారిని పక్క గీతకు వదిలేశాడన్నమాట. చూపు: కళ్లు రిసీవర్ నడుము మీదుంటే చాలావరకు మ్యాన్ (ఒక మనిషిని కాయడం), క్వార్టర్‌బ్యాక్ వైపు ఉంటే చాలావరకు జోన్ (ఒక జాగాను కాయడం). స్నాప్‌కు ముందు రిసీవర్ ఒకడు అడ్డంగా అటునుంచి ఇటు నడిచినప్పుడు కార్నర్ అతని వెంటే వచ్చేస్తే మ్యాన్ అనే అనుమానం బలపడుతుంది.

కబడ్డీ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడా కార్నర్ ఉంటాడు, రైడర్ చేతులు ఊపినా, తల ఎగరేసినా కదలడు. పాదం ఎప్పుడు పడుతుందా అని కాచుకుని ఉంటాడు. తొందరపడి దూకాడా, రైడర్ పాయింటు తీసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోతాడు. ఇక్కడా అంతే. రిసీవర్ భుజాలతో ఎన్ని వేషాలు వేసినా నడుము అబద్ధమాడదు.

రీప్లేలో వెనకనుంచి చూపించినప్పుడు కార్నర్ కాళ్లు చూడండి. స్నాప్ పడగానే పొట్టి అంగలతో వెనక్కి నడుస్తాడు, ఛాతీ మోకాళ్ల మీదికి వంగి ఉంటుంది. రిసీవర్ ఆ జాగాను మింగేస్తూ వస్తాడు. ఏదో ఒక క్షణంలో కార్నర్ నడుము తిప్పి పరుగందుకోవాలి. ముందే తిప్పితే రిసీవర్ టక్కున ఆగి వెనక్కి తిరుగుతాడు, పాస్ అరచేతిలో పెట్టినట్టు అందుతుంది. ఆలస్యంగా తిప్పితే గో రూట్‌లో (రిసీవర్ నేరుగా ముందుకు దూసుకుపోయే దారి) రెండంగలు వెనకబడతాడు, ఆ రెండంగలు ఇక తిరిగి రావు. "ఎక్కడ ఓడాడు" అనే గడి ఒకటి పెట్టి ఈ నాలుగింట్లో ఒకటి రాయండి: మొదటి అడుగులో, నడుము తిప్పడంలో, బంతి వచ్చే చోట, పట్టుకున్నాక పడగొట్టడంలో. ఒకే మాట పదే పదే వస్తే అది అతని లోపం. నాలుగూ కలగలిసి వస్తే ఎదుటివాడు గొప్పవాడని అర్థం.

6. ఇంటర్‌సెప్షన్లు చూసి మోసపోవద్దు

ఎల్‌ఎస్‌యూ కార్నర్ డెరెక్ స్టింగ్లీ జూనియర్ కథ దీనికి మంచి మందు. 2019లో మొదటి ఏడాది కుర్రాడు. 6 ఇంటర్‌సెప్షన్లు, ఇంకో 15 పాస్‌లు చెడగొట్టాడు. మరో వైపు అనుభవజ్ఞుడు క్రిస్టియన్ ఫుల్టన్ ఉన్నాడు. కొత్త కుర్రాడి వైపే వేద్దామని ఎదుటి జట్లకు అనిపించడం సహజం. బంతులు వచ్చాయి కాబట్టే అన్ని పట్టాడు. ఆ తర్వాత రెండు సీజన్లలో, అందులో ఒకటి గాయంతోనే పోయింది, ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా లేదు. ఆరు నుంచి సున్నాకు పడిపోయాడని కొట్టిపారేయాలా? 2022 డ్రాఫ్టులో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట) హ్యూస్టన్ టెక్సన్స్ అతణ్ని మూడో ఎంపికగా తీసుకుంది, 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆల్-ప్రో (ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితా) మొదటి జట్టులో ఉన్నాడు.

అందుకే మీ లెక్క వేరుగా ఉండాలి. కార్నర్ ఎన్ని పాస్ స్నాప్‌లలో కాపలా కాశాడు, అతని మనిషికి ఎన్నిసార్లు విసిరారు, ఎన్ని అందాయి, ఎన్ని గజాలు. ఊహకు ఇద్దరిని తీసుకోండి. ఒకడి వైపు 8 విసిరితే 4 అందాయి, 50 గజాలు పోయాయి. ఇంకొకడి వైపు 2 విసిరితే 2 అందాయి, 26 గజాలు. అందిన శాతం చూస్తే మొదటివాడు మెరుగు. ఇద్దరూ 35 స్నాప్‌లు కాశారని చెబితే? రెండోవాడి వైపు చూడ్డానికే క్వార్టర్‌బ్యాక్ ఇష్టపడలేదు. పోయిన గజాలను కాపలా కాసిన స్నాప్‌లతో భాగించండి, అప్పుడు రెండోవాడి విలువ తెలుస్తుంది.

పెనాల్టీల గడి మరిచిపోవద్దు. కాలేజీలో పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కు పడే శిక్ష మహా అయితే 15 గజాలూ, ఒక ఫస్ట్ డౌనూ (ఎదుటి జట్టుకు మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు). ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు జరిగిన చోటే బంతి పెడతారు. కాబట్టి 40 గజాల అవతల ఓడిపోయానని తెలిసిన కాలేజీ కార్నర్ చొక్కా పట్టుకుని లాగేస్తే, అది తెలివితక్కువతనం కాకపోవచ్చు. పెనాల్టీ జెండా పడిందని తిట్టేముందు ఎక్కడ పడిందో చూడండి.

7. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టండి

పాసింగ్‌కు ఒక తీర్పు, కార్నర్‌కు ఇంకో తీర్పు అని విడివిడిగా రాస్తే రెండూ తప్పవుతాయి. పాస్ అందిందంటే ఎవరో బాగా ఆడి ఉండొచ్చు, ఎవరో బాగా ఆడకపోయి ఉండొచ్చు, లేదా కోచ్ ఒకణ్ని ఒంటరిగా వదిలేసి ఉండొచ్చు.

2020 జనవరి 13న న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన ఫైనల్ పెట్టి చూడండి. క్లెమ్సన్ 17–7తో ముందుకెళ్లింది, చివరికి 42–25తో ఎల్‌ఎస్‌యూ గెలిచింది. ఎల్‌ఎస్‌యూ రిసీవర్ జమార్ చేజ్ 9 పాస్‌లు పట్టి 221 గజాలు, 2 టచ్‌డౌన్లు సాధించాడు. అందులో చాలా భాగం క్లెమ్సన్ కార్నర్ ఏ.జే. టెరెల్ మీదే. ఆ రాత్రి టెరెల్‌ను తిట్టనివాళ్లు లేరు. నేనూ సోఫాలోంచే నా వంతు తిట్లు తిట్టాను.

తర్వాత పట్టిక గీస్తూ చూసినప్పుడు వేరే సంగతి కనిపించింది. చాలాసార్లు టెరెల్ రిసీవర్‌ను అంటిపెట్టుకునే ఉన్నాడు. "ఎక్కడ ఓడాడు" గడిలో పదే పదే పడింది "బంతి వచ్చే చోట" అనే మాటే. చేజ్ బంతిని తలమీద నుంచి చూసుకుని, చివరి అంగలో శరీరాన్ని అడ్డుపెట్టి లాక్కున్నాడు. బరో ఆ బంతిని చేజ్ మాత్రమే అందుకోగలిగే చోట వేశాడు. క్లెమ్సన్ క్వార్టర్‌బ్యాక్ మీదికి మనుషుల్ని పంపినప్పుడల్లా కార్నర్‌కు వెనకనుంచి సాయం లేదు. మూడు నెలలకే అట్లాంటా ఫాల్కన్స్ టెరెల్‌ను డ్రాఫ్టులో 16వ ఎంపికగా తీసుకుంది, 2021లో అతను ఎన్‌ఎఫ్‌ఎల్ ఆల్-ప్రో రెండో జట్టులో చోటు సంపాదించాడు. ఒక్క రాత్రి చూసి కార్నర్ బతుకు తేల్చేయడం ఎంత ప్రమాదమో చూడండి.

జోన్ ఆడుతున్నప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. రిసీవర్ ఖాళీగా పట్టుకుంటే దగ్గర్లో ఉన్న కార్నర్ మీద నింద వేసేస్తాం. ఆ జాగా సేఫ్టీది కావొచ్చు. ఆ పాస్ ముగిశాక వాళ్లిద్దరూ చేతులు చాపి ఒకరినొకరు ఏమని అడుగుతున్నారో గమనించండి. తేల్చుకోలేకపోతే ఆ వరస పక్కన ప్రశ్నార్థకం పెట్టి లెక్కలోంచి తీసేయండి. ప్రశ్నార్థకాలు ఎక్కువైతే సిగ్గుపడక్కర్లేదు, డబ్బు తీసుకుని గ్రేడ్లు ఇచ్చేవాళ్లకూ కోచ్ గదిలో ఏం చెప్పారో తెలియదు.

8. ఒక పేజీలో రాయండి

మూడు ఆటల పట్టికలు పూర్తయ్యేదాకా తీర్పు రాయకండి. రాసేటప్పుడు విశేషణాలు వద్దు. "కార్నర్ బలహీనం" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "ఫీల్డ్ వైపు ఆఫ్ నిలబడినప్పుడు ఇతని ముందు పొట్టి పాస్‌లు అందుతున్నాయి, ప్రెస్‌లో మాత్రం ఎవరూ వేయడం లేదు" అంటే అది విశ్లేషణ. పాసింగ్ గురించీ అలాగే: ఏ ప్రయత్నంలో, ఏ హాష్ నుంచి, ఎవరికి, బ్లిట్జ్ వస్తే ఎటు.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు. వచ్చే శనివారం స్టేడియానికి వెళ్తున్నారా? అయితే పై వరస టికెట్లు తీసుకోండి. అవి చవకే కాదు, కార్నర్లు పూర్తిగా కనిపించేదీ అక్కడి నుంచే. మొదటి క్వార్టర్ మొత్తం ఒక్క కార్నర్‌నే చూడండి. పక్కనున్నవాళ్లు లేచి అరిచినా బంతి ఎటు పోయిందో చూడకండి. దాన్ని పెద్ద తెర మీద ఎలాగూ మళ్లీ వేస్తారు.